ఆశ్రమంలో ఉన్న అమ్మ వీడియో కాల్ రెండు నిమిషాలకే ఎందుకు పెట్టేస్తుంది?

మీరు అడిగినదాన్ని ముందుగా నాకు అర్థమైనట్టు చెప్పుకుంటాను. మీ అమ్మగారికి 78 ఏళ్లు. నాన్నగారు పోయిన తరువాత ఏడాదిన్నరగా నెల్లూరు ఊరిబయట ఒక వృద్ధాశ్రమంలో ఉంటున్నారు. మీరు డల్లాస్‌లో, మీ అన్నయ్య దుబాయ్‌లో ఉన్నారు. ప్రతి ఆదివారం వీడియో కాల్ చేస్తే ఆమె తెరవైపు సరిగా చూడకుండానే “బాగుండానమ్మా, పెట్టేస్తా” అంటున్నారు, ఒక్కోసారి ఏడుస్తున్నారు. “కాల్ వచ్చిన రోజంతా దిగులుగా ఉంటున్నారు, నెలకొకసారి చేస్తే చాలు” అని మేనేజరు సలహా ఇచ్చారు. తగ్గించాలా, మానెయ్యాలా, మరో పద్ధతి ఉందా అన్నది మీ ప్రశ్న.

తగ్గించవద్దు. అయితే ఇప్పుడు చేస్తున్న పద్ధతిలోనే కొనసాగించవద్దు కూడా. నేను ఒంగోలులోను, నెల్లూరులోను వృద్ధాశ్రమాలలో మొదట నర్సుగా, తరువాత పర్యవేక్షకురాలిగా పదహారేళ్లు పనిచేశాను. (నర్సింగ్ హోమ్ అని కొందరు రాస్తున్నారు కానీ మన వైపు ఆ మాటకు కాన్పులు చేసే చిన్న ఆసుపత్రి అనే అర్థం స్థిరపడిపోయింది కనుక నేను ఆశ్రమం అనే అంటాను.) 2020 మార్చిలో రాష్ట్రంలో తొలి కోవిడ్ కేసు నెల్లూరులోనే బయటపడి, ఆ నెలాఖరుకు లాక్‌డౌన్ వచ్చి మా గేటుకు తాళం పడినప్పటి నుంచి ఈ కాల్స్ వ్యవహారమంతా నా చేతుల మీదుగానే నడిచింది. అన్నేళ్లలో నాకు అర్థమైంది ఏమిటంటే, వీడియో కాల్ ఇద్దరి మధ్య జరిగేది కాదు, ముగ్గురి మధ్య జరిగేది. ఆ మూడో మనిషి ఫోను పట్టుకుని నిలబడిన ఆయా. కాల్ బాగా సాగడం, సాగకపోవడం చాలావరకు ఆమెను బట్టే ఉంటుంది.

మీకు తెరమీద కనిపించేది అమ్మ ముఖం ఒక్కటే కనుక, ఈ వైపు ఒక మామూలు ఆదివారం ఉదయం ఎలా ఉంటుందో ఉన్నదున్నట్టు చెబుతాను. ముప్పై నలుగురు ఉండే ఆశ్రమంలో ఆఫీసు ఫోను ఒకటే. అది ఏడున్నరకు మోగేసరికి ఆయా మంచం పట్టిన ఒకావిడకు దుప్పటి మారుస్తూ ఉంటుంది. చెయ్యి కొంగుకు తుడుచుకుని ఫోను తీసుకుని హాల్లోకి వచ్చి, “అమ్మా, మీ పాప” అంటూ ముఖం ముందు పెడుతుంది. హాల్లో టీవీలో సుప్రభాతం, పైన ఫ్యాను రొద, వంటగదిలో కుక్కరు కూత. అమ్మ కుర్చీలో ఉంది, ఆయా నిలబడి ఉంది, కనుక ఫోను పైనుంచి కిందికి చూస్తుంది. మీకు కనిపించేది అమ్మ పాపిట, అమ్మకు కనిపించేది ఫోను వెనకాల ట్యూబులైటు. నిమిషం దాటేసరికి ఆయా చెయ్యి నొప్పిపుట్టి ఫోను వాలుతుంది. అప్పుడు అమ్మకు మీ గడ్డం, మీకు మా ఫ్యాను కనిపిస్తాయి. ఇంతలో పక్క గదిలోని ఆవిడ కర్ర పట్టుకుని వచ్చి “మావాడు చేశాడా?” అని అడుగుతూ నిలబడుతుంది. ఈ పరిస్థితిలో మర్యాద తెలిసిన ఏ మనిషైనా ఏం చేస్తుంది? పెట్టేస్తానంటుంది.

దీనికి తోడు మరొక సంగతి ఉంది. మీ అమ్మగారి తరం వారికి దూరపు ఫోను అలవాటైంది ఎస్టీడీ బూతులో. గాజు తలుపు వేసుకుని, ఎర్ర అంకెల మీటరు వైపు ఒక కన్ను వేసి, చెప్పవలసిన నాలుగు ముక్కలూ గబగబా చెప్పి పెట్టెయ్యడం ఆనాటి పద్ధతి. అమెరికా ఫోనంటే ఇప్పటికీ వారి మనసులో ఒక మీటరు తిరుగుతూనే ఉంటుంది. నెట్ ఫోనుకు నిమిషానికి ఇంత అని పడదని మనం ఎన్నిసార్లు చెప్పినా “అయినా నీకు దండగ కదమ్మా” అంటారు. మీ అమ్మగారు రెండు నిమిషాలకే ముగించడంలో నిరాసక్తత కంటే మీ డబ్బు మీద, ఆయా సమయం మీద, ఎదురుచూస్తున్న పక్కావిడ మీద ఉన్న పట్టింపే ఎక్కువని నా అనుభవం. ఒకసారి ఆయా చేత “ఈ ఫోను మీ కోసమే, అరగంట మీదే, ఎవరికీ అడ్డం కాదు” అని చెప్పించండి. మీరు చెప్పినదాని కంటే ఆమె చెప్పినది ఎక్కువ నమ్ముతారు.

ఇక తెరవైపు చూడకపోవడం. మీరు దాన్ని ముభావంగా ఉండటం అనుకుంటున్నారు. నేను ముందు చెవులను, కళ్లను అనుమానిస్తాను. ముసలితనంలో వచ్చే చెవుడు అన్ని శబ్దాలనూ ఒక్కలా తగ్గించదు. సన్నని, హెచ్చు స్థాయి శబ్దాలను ముందు తీసుకుపోతుంది. అచ్చులు దిగువ స్థాయిలో, బలంగా ఉంటాయి కనుక చివరిదాకా వినపడతాయి. క, చ, త, ప, స, హ వంటి హల్లులు మాత్రం చెదిరిపోతాయి. మన భాషలో దాదాపు ప్రతి మాటా అచ్చుతోనే ముగుస్తుంది కనుక ఇలాంటి వారికి వాక్యం రాగమంతా వినపడుతుంది, మాట మాత్రం తెలియదు. ‘పాప’, ‘తాత’, ‘కాక’ మూడూ ఒకటిగానే చెవిన పడతాయి. “వినపడతా ఉంది గానీ ఏమంటున్నావో తెలవడంలా” అని మా పెద్దవాళ్లు అనే మాట అక్షరాలా నిజం. పిల్లల గొంతు అసలే సన్నన కనుక మనవరాలి మాటలు అందరి కంటే తక్కువగా అర్థమవుతాయి. పాపం ఆ పిల్ల ముద్దుగా పాట పాడుతుంటే ఈమె మొహమాటంగా నవ్వి తల ఊపుతుంది, మీరు ఆసక్తి లేదనుకుంటారు.

దీనికి విరుగుడు అరవడం కాదు. అరిస్తే గొంతు ఇంకా సన్నబడి, ఫోను స్పీకరు పగిలినట్టు మోగుతుంది. గొంతు కొంచెం దించి, నిదానంగా, వాక్యానికీ వాక్యానికీ మధ్య ఊపిరి పీల్చుకునేంత విరామం ఇచ్చి మాట్లాడండి. మీ పెదవులు కనపడాలి. పెద్దవారు తమకు తెలియకుండానే పెదవుల కదలికను చదువుతారు. మాములు ఫోనులో శబ్దం సుమారు 300 నుంచి 3,400 హెర్ట్జ్ దాకా మాత్రమే ప్రయాణించేది. నెట్ కాల్‌లో అంతకంటే పై శబ్దాలు కూడా వస్తాయి కనుక, నెట్‌వర్క్ బాగున్నప్పుడు వీడియో కాల్ చెవికి కూడా మేలే. నెట్‌వర్క్ మందగించి బొమ్మ ఆగి ఆగి కదులుతున్నప్పుడు మాత్రం పెదవులొక దారి, మాటలొక దారి అయి అయోమయం పెరుగుతుంది. అటువంటప్పుడు బొమ్మ ఆపేసి మాట ఒక్కటే ఉంచండి. వినికిడి యంత్రం ఉంటే దాని బ్యాటరీ ఉన్నదో లేదో, గులిమి అడ్డుపడిందో లేదో కాల్‌కు ముందు ఆయా చూడాలి. యంత్రం పెట్టుకున్న చెవికి ఫోను ఆనిస్తే ఈలవేస్తుంది కనుక స్పీకరును మూరెడు దూరంలో ఉంచాలి. ఏడాదిన్నరగా ఆమెకు చెవి పరీక్ష చేయించకపోతే, తక్కిన సలహాలన్నింటి కంటే ముందు ఆ పని చేయించండి.

కళ్ల విషయం తొందరగా ముగిస్తాను. అన్ని చోట్లా ఒకటే తప్పు జరుగుతుంది. మీరు కిటికీకి వీపు పెట్టి కూర్చుంటారు, ఆమెకు ముఖం స్థానంలో నల్లని నీడ కనిపిస్తుంది. శుక్లాలున్న కంటికి ఆ వెలుగు మరీ బాధ. దీపం మీ ముఖానికి ఎదురుగా ఉండాలి. అక్కడ పది అంగుళాల ట్యాబ్ ఒకటి, దానికి ఆమె కంటి ఎత్తున నిలిచే బరువైన స్టాండు ఒకటి కొని ఇవ్వండి. అందులో వేసే సిమ్ ఆమె బ్యాంకు ఖాతాకు ముడిపడినది కాకూడదు. పెద్దవారి ఫోన్లకు పోలీసులమని చెప్పి వచ్చే మోసపు వీడియో కాల్స్ ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు, జరగరానిది జరిగితే ఫిర్యాదుకు 1930. అన్నయ్యను కూడా కలిపి ముగ్గురి కాల్ పెడదామని మీరు రాశారు, నేను వద్దంటాను. తెర ముక్కలై ముఖాలు చిన్నవవుతాయి, మీరిద్దరూ ఒకేసారి మాట్లాడతారు, ఆమె ఎవరివైపు చూడాలో తెలియక ఎవరివైపూ చూడదు. పైగా దుబాయ్‌లో వాట్సాప్ కాల్స్ మీద చాలాకాలంగా ఆంక్షలున్నందువల్ల అన్నయ్య బోటిమ్ వంటి మరో యాప్ వాడవలసి రావచ్చు. అది ట్యాబ్‌లో వేరుగా పెట్టించి, ఆయనను వేరే రోజు చేయమనండి.

ఇప్పుడు అసలు విషయానికి, అంటే ఫోను పట్టుకున్న మనిషి దగ్గరికి వస్తాను. స్టాండు కొన్నంత మాత్రాన ఆయా అవసరం తీరదు. కాల్ వచ్చినప్పుడు తెర మీద పైకి తోయడం పెద్దవారికి కుదరదు. పొడిబారిన వేలిని తెర గుర్తించదు, వణికే చెయ్యి ఎరుపు బొత్తాం మీద పడుతుంది. కాల్ కలపడం, కూర్చోబెట్టడం, కొంగు సరిచేయడం, కళ్లజోడు తుడిచి పెట్టడం, టీవీ ఆపడం, “పాప ఏమంటుందంటే…” అని చెవిలో తిరిగి చెప్పడం, ఇవన్నీ ఆమె చేసేవే. మా దగ్గర ఒక ఆయా ఉండేది, కొడవలూరు వైపు మనిషి, పెద్దగా చదువుకోలేదు. కాల్‌కు పది నిమిషాల ముందే అందరికీ తలదువ్వి, బొట్టు పెట్టి, కుర్చీని గోడవైపు తిప్పి, కిటికీ రెక్క వేసి, తను పక్కన పీట మీద కూర్చునేది. అలా పీట మీద కూర్చోవడం వల్ల తను పెద్దవారి కంటి ఎత్తుకు వచ్చేది, వారికి తొందర అన్న భావన పోయేది. ఆమె డ్యూటీలో ఉన్న రోజు కాల్స్ ఇరవై నిమిషాలు సాగేవి, లేని రోజు మూడు నిమిషాలు. మనుషులు వాళ్లే, ఫోనూ అదే.

కాబట్టి మీ అమ్మగారి దగ్గర ఉండే ఆయా పేరు తెలుసుకోండి. ఉదయం డ్యూటీ ఎన్ని గంటలకు మారుతుందో మేనేజరును అడగండి. చాలా చోట్ల ఎనిమిదికి మారుతుంది, ఏడున్నర నుంచి ఎనిమిదింపావు దాకా ఎవరి చేతికీ తీరిక ఉండదు. కాల్ కలవగానే ముందు ఆమెను పేరు పెట్టి పలకరించి, అర నిమిషం ఆమె సంగతి అడగండి. అమ్మ ముందు ఆమెను నిలదీయవద్దు. “జడ ఎందుకు అలా ఉంది, చీర మాసింది ఎందుకు” అని మీరు అక్కడి నుంచి గద్దిస్తే ఆ మాట పడేది ఆయాకు, దాని ఫలితం మాత్రం మీరు ఫోను పెట్టేశాక అమ్మకు ఉంటుంది. అంతదాకా రాదులే అని మీరనుకోవచ్చు, కానీ అమ్మ అలా అనుకోదు, అందుకే భయపడుతూ “అంతా బాగుండాది, ఏం లేదు” అంటుంది. ఫిర్యాదు ఉంటే మేనేజరుకు విడిగా ఫోను చేసి చెప్పండి. ఆయా చేతికి చాటుగా డబ్బు పంపడం కూడా వద్దు. అది తక్కిన ఆయాల మధ్య తగాదా పెడుతుంది. పండగకు అందరికీ కలిపి మలై కాజా పెట్టె పంపితే సరిపోతుంది.

అలాగే ఆయా లేకుండా అమ్మతో ఒంటరిగా మాట్లాడే అవకాశం కూడా కావాలి. ట్యాబ్ స్టాండు మీద ఉంటే ఇది సాధ్యమే. కూర్చోబెట్టి, కాల్ కలిపి, పది నిమిషాల తరువాత వస్తానని ఆమె బయటికి వెళ్లవచ్చు. దీనికి ఆశ్రమం వారు అడ్డు చెబితే, లేదా కాల్స్ ఇవ్వడానికే నిరాకరిస్తే, అప్పుడు మాత్రం ఊరుకోవద్దు. పెద్దలకోసం ఉన్న ఎల్డర్‌లైన్ 14567కు ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా ఫోను చేసి సలహా అడగవచ్చు. మీ మేనేజరు మాటల్లో నాకు అలాంటి దురుద్దేశం కనిపించలేదు.

ఏం మాట్లాడాలి అన్నది మీరు అడగలేదు కానీ నా దృష్టిలో సగం సమస్య అక్కడే ఉంది. “బాగున్నావా, తిన్నావా, మందులు వేసుకున్నావా, నిద్ర పట్టిందా” అన్న నాలుగు ప్రశ్నలకూ “ఆఁ” అన్న ఒక్క అక్షరంతో జవాబు చెప్పవచ్చు. ఆశ్రమంలో రోజులన్నీ ఒకలాగే గడుస్తాయి కనుక చెప్పడానికి కొత్త సంగతి ఉండదు, ఉన్నా అది మీకు దిగులు పుట్టించేదే అయి ఉంటుంది. ఆత్మకూరు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన మా దగ్గర ఉండేవారు, జీవితమంతా వరి పండించిన మనిషి. న్యూజెర్సీలోని కొడుకు ఎప్పుడు చేసినా ఫోను చేతిలోకి తీసుకుని, చూసి, ఇచ్చేసేవారు. ఒకరోజు ఆ కొడుకు ఊళ్లో ఉన్న తన స్నేహితుణ్ణి గట్టు మీద నిలబెట్టి కాల్‌లోకి తీసుకొచ్చాడు. తెర మీద కాలవ కనిపించగానే పెద్దాయన ముందుకు వంగి, “నీళ్లొదిలారా? సోమశిలలో ఎంతుండాది?” అని అడిగారు. ఇద్దరికీ తెలియలేదు. తరువాతి వారం కొడుకు సోమశిల జలాశయం మట్టం చూసుకుని, ఇన్ని టీఎంసీలు ఉన్నాయని చెప్పాడు. నిండితే 78 టీఎంసీలన్నది పెద్దాయనకు నోటికి వచ్చు. ఎడగారు పంటకు నీళ్లొస్తాయో రావో వేళ్ల మీద లెక్క వేయడం మొదలుపెట్టారు, అంచనా తప్పయితే ఇంజనీర్లను తిట్టారు, మళ్లీ వారం ఆ కాల్ కోసం ఏడింటికే చొక్కా వేసుకుని కూర్చున్నారు. మూడో మనిషి ఊళ్లో ఉన్న స్నేహితుడు కూడా కావచ్చన్నది ఆ కొడుకు దగ్గర నేను నేర్చుకున్నాను.

మీ అమ్మగారి సోమశిల ఏమిటో మీకు తెలుసు. పులుసా, పొడులా, చీరలా, జొన్నవాడ కామాక్షమ్మ తిరునాళ్లా, మేనత్తల మధ్య పాత తగవులా? ఆమెను పరామర్శించడం మాని సలహా అడగండి. మామిడికాయ చేపల పులుసు పెడుతూ ట్యాబ్‌ను పొయ్యి వైపు తిప్పి, “చింతపండు ఎంత వెయ్యాలమ్మా?” అంటే ఆమె మిమ్మల్ని రెండు మాటలంటుంది. అలా అనడం ఆమెకు ఎంత బలమో నేను చెప్పనక్కర్లేదు. మాటలు లేకపోయినా ఫరవాలేదు. మీరు బట్టలు మడుస్తూ, ఆమె చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ పది నిమిషాలు ఊరికే గడపవచ్చు. ఇంట్లో ఉన్నప్పుడు మాత్రం తల్లీ కూతుళ్లు ఎదురెదురుగా కూర్చుని అరగంట ఇంటర్వ్యూ చేసుకుంటారా?

ఏడుపు సంగతి. ఇక్కడ మేనేజరు చెప్పినదాన్ని పూర్తిగా కొట్టిపారేయను, ఎందుకంటే ఆ తప్పు ఒకప్పుడు నేనే చేశాను. కావలి నుంచి వచ్చిన ఒకావిడ కాల్ అయిన ప్రతిసారీ ఏడ్చి మధ్యాహ్నం అన్నం మానేసేవారు. కూతురితో మాట్లాడి కాల్స్ నెలకొకటి చేయించాను. ఆవిడ ఏడవడం మానేశారు. అయితే ప్రతి ఉదయం గేటు దాకా నడిచి వచ్చి, వాచ్‌మన్‌ను “ఇయ్యాళ ఆదివారమా?” అని అడగడం మొదలుపెట్టారు. మూడు వారాల తరువాత ఆ సంగతి వాచ్‌మన్ చెబితేగానీ నాకు తెలియలేదు. మళ్లీ వారానికి రెండు కాల్స్ పెట్టాము, కాకపోతే ముగించే పద్ధతి మార్చాము. కాల్ చివర “ఇక ఉంటానమ్మా” అని తెర హఠాత్తుగా నల్లబడటమే ఆవిడను కుంగదీసేది. దాని బదులు ఐదు నిమిషాల ముందే, “కాఫీ వస్తోంది, నువ్వు కాఫీ తాగు, నేను స్నానానికి వెళ్తాను, బుధవారం మళ్లీ చేస్తాను” అని చెప్పించి, ఆయా గ్లాసు చేతికిచ్చిన తరువాతనే ఫోను ఆపించాము. ఏడుపు పూర్తిగా పోలేదు. అన్నం మానడం పోయింది.

కాల్స్ వల్ల పెద్దల ఒంటరితనం తగ్గుతుందా అన్నదాని మీద 2020లో, వైద్య పరిశోధనలను సమీక్షించే కోక్రేన్ సంస్థ ఒక సమీక్ష ప్రచురించింది. లెక్కలోకి తీసుకోదగిన అధ్యయనాలు వారికి మూడే దొరికాయి. మూడూ తైవాన్‌లోని వృద్ధుల సంరక్షణ కేంద్రాలలో జరిగినవే, అన్నింటిలో కలిపి 201 మంది పాల్గొన్నారు. ఒంటరితనంలో తేడా స్వల్పంగానో, అసలు లేకుండానో ఉండవచ్చని, ఆ ఆధారం కూడా గట్టిది కాదని తేల్చారు. కాల్స్ దండగ అని నేను దీనికి అర్థం తీయను. వారానికొకసారి తెర ముందు కూర్చోబెడితే చాలు, దిగులు పోతుంది అని ఎవరైనా అంటే నమ్మవద్దని మాత్రం తీస్తాను. ఏడాదిన్నర క్రితం భర్తను, ఆ వెంటనే ఇంటిని వదులుకున్న మనిషి కూతురి ముఖం చూసి ఏడవడం జబ్బు కాదు. రోజంతా మాట్లాడకపోవడం, నిద్ర పట్టకపోవడం, తిండి తగ్గడం రెండు వారాలకు మించి ఉంటే మాత్రం అది కాల్ తెచ్చిన దిగులు కాదు, డిప్రెషన్ కావచ్చు. వైద్యుడికి చూపించాలి.

మరో ప్రశ్న మిమ్మల్ని అడగాలి. ఆమె మాటల్లో మరపు కనిపిస్తోందా? అడిగినదే అడగడం, నాన్నగారు ఎక్కడని వెతకడం వంటివి ఉంటే కొన్ని జాగ్రత్తలు మారతాయి. “నేనెవరో చెప్పుకో?” అని పరీక్ష పెట్టవద్దు, “అమ్మా, నేను నీ చిన్నమ్మాయిని” అని మీరే మొదలుపెట్టండి. తెర మూలన కనిపించే తన బొమ్మను చూసి “ఆ ముసలామె ఎవరు, ఎందుకు చూస్తా ఉంది?” అని జడుసుకునే వారున్నారు. మా దగ్గర ఆ మూలన చిన్న కాగితం ముక్క అంటించేవాళ్లం. మరపు ఉన్నవారికి సాయంత్రం పొద్దువాలే వేళ కలత ఎక్కువవుతుంది కనుక వారికి ఉదయపు కాల్సే మంచివి.

వేళ విషయంలో మీకు కలిసివచ్చేదే ఉంది, ఎందుకంటే మీ రాత్రి మాకు ఉదయం. కానీ ఒక తిరకాసు ఉంది. వేసవిలో మీ శనివారం రాత్రి 9 గంటలు ఇక్కడ ఆదివారం ఉదయం 7:30. నవంబరు మొదటి ఆదివారం మీ గడియారాలు వెనక్కి జరిగాక అదే 9 గంటలు ఇక్కడ 8:30 అవుతుంది. అంటే ఆ నెల రెండో ఆదివారం అమ్మ ఏడున్నరకే తలదువ్వించుకుని కూర్చుని గంటసేపు ఎదురుచూస్తుంది. మీరు చేసేసరికి ఇడ్లీ చల్లారి, మనసు పాడై, రెండు ముక్కల్లో ముగిస్తుంది. ప్రతి ఏటా ఈ ఒక్క వారం మా హాల్లో అమెరికా పిల్లలున్న పెద్దలందరూ అలిగి కూర్చునేవారు. కాల్‌ను మన గడియారానికి కట్టండి, మీ గడియారానికి కాదు. మార్చి రెండో ఆదివారం మళ్లీ ముందుకు జరుగుతుందని గుర్తుపెట్టుకోండి. మీ విషయంలో ఉదయం టిఫిను అయ్యాక, డ్యూటీ మారిన ఆయా కుదురుకున్నాక, 8:45 బాగుంటుందని అనుకుంటున్నాను. చెప్పిన వేళకు చేయలేకపోతే ఆశ్రమానికి ఒక సందేశం పెట్టండి. ఈశాన్య రుతుపవనాల కాలంలో మా వైపు నుంచి కూడా కాల్ తప్పిపోవచ్చు. 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర జాతీయ రహదారి తెగినప్పుడు చాలామంది పిల్లలు టీవీలో ఆ నీళ్లు చూసి అల్లాడిపోయారు. వీడియో కలవకపోతే మాములు ఫోను, అదీ కలవకపోతే ఊళ్లో ఉన్న ఫలానా బంధువు వెళ్లి చూసి వస్తారు అన్న ఏర్పాటు ఇప్పుడే చేసుకోండి.

కాల్‌లో ఉన్నప్పుడు కళ్లు తెరిచి చూడవలసినవి కొన్ని ఉన్నాయి, అయితే తనిఖీలా కాకుండా. నెలకొకసారి ఆయాను అడిగి పాదాలు, మడమలు చూపించుకోండి. వాపు, మడమ మీద ఎర్రబారిన చోటు అక్కడే తెలుస్తాయి. గాజులు మోచేతి వైపు జారిపోతుంటే బరువు తగ్గుతున్నట్టు. ఒకవైపు మూతి జారినా, మాట ముద్దగా వచ్చినా కాల్ ఆపి వెంటనే మేనేజరుకు ఫోను చేసి ఆసుపత్రికి తీసుకెళ్లమనండి, సాయంత్రం దాకా చూద్దామన్న మాట ఒప్పుకోవద్దు. తెర చిత్రాలు తీసి స్టేటస్‌లో పెట్టే అలవాటుంటే మానుకోండి. వెనకాల మంచం మీద సరిగా బట్ట కప్పుకోని మరొకరి తల్లి ఉండవచ్చు.

ఆ మరొకరి తల్లి గురించి ఒక్క మాట. మీ కాల్ సమయంలో కర్ర పట్టుకుని వచ్చి నిలబడే పక్కావిడను కసురుకోనివ్వకండి. కాల్ చివర ఒక నిమిషం ఆమెకు ఇచ్చి, “పెద్దమ్మా, ఎట్టుండారు?” అని అడగండి. మీ అమ్మగారు అప్పటిదాకా పెట్టేస్తా పెట్టేస్తా అన్న మనిషి, “మా చిన్నమ్మాయి, డల్లాస్‌లో ఉంటది” అని పరిచయం చేయడానికి తనంతట తానే తెరవైపు తిరుగుతుంది. ఇది నేను ఎన్నోసార్లు చూశాను.

మీరు సంక్రాంతికి వస్తున్నానని రాశారు. వచ్చినప్పుడు ఒక ఆదివారం ఉదయం ఏడింటికే ఆ హాల్లోకి వెళ్లి కూర్చోండి. అన్నయ్య దగ్గర నుంచి కాల్ వచ్చినప్పుడు ఫోను మీరే పట్టుకోండి, అమ్మ పక్కన పీట వేసుకుని. ఫ్యాను ఎంత మోగుతుందో, వెలుగు ఎటునుంచి పడుతుందో, స్టాండు ఎంత ఎత్తున ఉండాలో ఆ పది నిమిషాల్లో మీకే తెలుస్తుంది. స్టాండు మాత్రం ఆ తరువాతే కొనండి.